తాళం బయట, గడియ లోపల

మా మేనత్త నూకాలమ్మ మొండిపట్టు వల్ల ఈ ప్రయాణం పెట్టుకున్నాను. విజయనగరంలో మా ఇంట్లోనే ఉంటోంది. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. అత్తది ఒకటే మాట: "సంద్రం కాడ గదికి తాళమేసినారంట. నువ్వే ఎల్లి అది తీసొచ్చేదాకా నాను ఆస్పత్రికి రాను."

ఆ గది మాకు తరాల నుంచీ వస్తోంది. మా ముత్తాత చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్కలు, విరిగిన తెడ్డు మాత్రం ఒడ్డుకొచ్చాయి. ముత్తవ్వ ఆ చెక్కలతోనే విశాఖకు దక్షిణాన కొండ కింద గది కట్టించింది. తెడ్డు ముక్క లోపలి గడియ అయింది. ఆవిడ తర్వాత నాయనమ్మకి, ఆ తర్వాత అత్తకి వచ్చింది. తాటాకు పోయి పెంకు, పెంకు పోయి రేకు వచ్చాయి గానీ షరతు మారలేదు: ఆయనెప్పుడొచ్చినా తలుపు తెరుచుకోవాలి, బయట తాళం పడకూడదు. తాగుబోతుల బెడద పడలేక అత్త కొడుకు ఎల్లాజీ బావ మొన్న వేసవిలో తాళం వేశాడు. బావ చేసిందే సబబని అప్పటికి నా ఉద్దేశం.

ఉదయం ఏడింటి పాసింజరెక్కాను. కొత్తవలసలో ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ మాత్రం నీళ్లే. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అడిగింది: "అప్పన్న కాడికేనా బాబూ?"

"కాదమ్మా, ఒక తాళం తియ్యడానికి."

"దానికి రైలెక్కాలేటి!" అని నవ్వి, సింహాచలంలో దిగిపోయింది. నాకూ నవ్వొచ్చింది.

విశాఖలో దిగి మల్కాపురం మీదుగా వెళ్లే బస్సు పట్టుకున్నాను. అటు వెళ్లేవాళ్లు కిటికీ పక్కన తెల్లచొక్కాతో కూర్చోకండి, బొగ్గు దుమ్ము వదలదు. క్రేన్లు దాటి, లారీల వెనక పాకుతూ, ఆఖరి స్టాపు చేరేసరికి పదకొండు దాటింది. బావ ఎదురొచ్చాడు. వాళ్లింట్లో చేపల పులుసుతో అన్నం తిని, ఎర్రటి ఎండలో ఇద్దరం గది దగ్గరకు నడిచాం.

తుప్పు పట్టిన తాళం చాలాసేపు సతాయించి ఊడింది. తలుపు తోశాను. రాలేదు. బావ భుజంతో తోశాడు. రాలేదు. పక్కనున్న చిన్న ఊచల కిటికీలోంచి తొంగి చూశాడు. వెనక్కి తిరిగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తెడ్డు ఏసుంది బావా. లోపట్నించి."

"లోపల ఎవరున్నారు?" అన్నాను.

"ఎవులూ నేరు. తాళమేసినప్పుడు తెడ్డు మూలనున్నాది. నానే సూసినాను."

నేనూ చూశాను. చాప, కుండ, గోడకి అమ్మవారి పటం. తలుపుకి అడ్డంగా నల్లబడిన తెడ్డు ముక్క. పగలగొడదామని బావ రాయి తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. బయలుదేరేటప్పుడు అత్త చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. విన్నప్పుడైతే నవ్వేశాను.

"తలుపు తొయ్యకు. పిలు."

తలుపు దగ్గరగా వంగి పిలిచాను. "తాతా, మేమే. తాళం తీసేశాం."

లోపల కర్ర కదిలిన చప్పుడు. తర్వాత దాన్ని మెల్లగా గోడకి ఆనించినట్టు ఇంకో చప్పుడు. తలుపు దానంతటదే జానెడు తెరుచుకుంది. గదిలో ఎవరూ లేరు. తెడ్డు మాత్రం మూలన నిలబెట్టి ఉంది. మేం లోపలికి అడుగు పెట్టలేదు. తలుపు అలాగే ఓరగా వదిలేశాం. బావ తాళాన్ని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం రైల్లో కూర్చున్నాక అత్తకి ఫోన్ చేశాను. తాళం తీశామని మాత్రమే చెప్పాను. మిగతాది ఆ వయసులో ఆవిడకెందుకనుకున్నాను.

"తెడ్డు ఎక్కడెట్టాడు?" అంది అత్త.

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. "మూలన" అన్నాను.

అవతల చాలాసేపు ఏడుపు వినిపించింది. తర్వాత అత్త తేరుకుని అంది: "మూలకెట్టేసినాడంటే ఇంక ఏటకెల్లడు. ఇంటికొచ్చేసినాడు. రేపు వొత్తానని డాక్టరు బాబుకి సెప్పు."

సింహాచలం వచ్చింది. పొద్దున్న నవ్విన పెద్దావిడ కనిపిస్తుందేమోనని కిటికీలోంచి వెతికాను, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. ఆవిడ లేదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎప్పుడైనా ఆ కొండ కిందికి వెళితే, రేకు కప్పిన చెక్కగది కనిపిస్తుంది. తాళం ఉండదు. అలాగని తలుపు తొయ్యకండి. లోపల మా ఇంటి పెద్దాయన ఉన్నాడు.