పిన్ని గొంతుకు దగ్గరగా

మొన్న ఆదివారం మా అన్నయ్య మనవరాలు ఫోన్‌లో ఏదో నొక్కి, తన గొంతును ముసలివాడి గొంతుగానూ పిల్లి గొంతుగానూ మార్చి వినిపిస్తూ ఇల్లంతా నవ్వించింది. నేను నవ్వకపోవడం చూసి తాతయ్యకు ఇలాంటివి అర్థం కావులే అని తేల్చేసింది కూడా. మన ఈడువాళ్లకు ఈ మాట కొత్త కాదు కనుక ఊరుకున్నాను. సరిగ్గా ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కోసం ఒకప్పుడు సికింద్రాబాద్‌లో నేను తిరిగిన తిరుగుడు చెబితే ఆ పిల్ల నమ్మదు.

అప్పట్లో నేను రెజిమెంటల్ బజార్ వెనక సందులో, ఒక గిన్నెల కొట్టు మీది మేడ గదుల్లో నడిచే డబ్బింగ్ స్టూడియోలో రికార్డింగ్ పని చూసేవాణ్ణి. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతూ, పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్నే అబ్బాయి సాఫ్ట్‌వేరా అని అడిగే రోజులవి. నేనూ కంప్యూటర్ ముందే కూర్చుంటాను గనుక మా అమ్మ అవుననే చెప్పేది. నన్ను ఆ స్టూడియోలో చేర్పించింది పిన్ని, అంటే అమ్మ చెల్లెలు. బాబాయి ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బోయిన్‌పల్లిలో స్థిరపడ్డారు వాళ్లు. పిన్ని పిల్లల కార్టూన్లకు తెలుగులో గొంతు ఇచ్చేది. నలభై దాటిన మనిషి మైకు ముందు నిలబడి, గొంతు నొక్కిపెట్టి, బడికి ఎగనామం పెట్టే అల్లరి పిల్లాడైపోయేది. ఆ గదిలోంచి బయటికొస్తే మాత్రం అసలు గొంతు వేరు, కాస్త బరువు, కాస్త జీర. మోండా మార్కెట్లో వంకాయల బుట్ట దగ్గర ఆ గొంతు లేచిందంటే బేరం సగం తెగినట్టే.

ఆ గొంతులోనే పుండు లేచింది. ఏదో పడిశెం తాలూకు బొంగురనుకుని మిరియాల కషాయాలతో కాలక్షేపం చేశాం, తెలిసేసరికి ఆలస్యమైంది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కింది, మాట పోయింది. మెడ దగ్గర ఊపిరికోసం చిన్న రంధ్రం, దాని మీద తడిగుడ్డ. ఆమె ఏదైనా చెప్పబోతే గాలి శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు. ఒకరోజు బాబాయి ఆఫీసు నుంచి తిన్నగా స్టూడియోకు వచ్చి, చెమట తుడుచుకోకుండానే అడిగాడు. “మీ దగ్గర దాని గొంతు ఉంటాది కదేట్రా. ఒక్క మాట ఇయ్యి, చాలు. ఇల్లు మరీ మూగదైపోనాది.”

ఉండకేం, గంటల కొద్దీ ఉంటుందనుకుని వెతకడం మొదలుపెట్టాను. దీపం కిందే చీకటి అంటారే, అదే అయింది. ఉన్నదంతా ఆ కార్టూన్ పిల్లాడే. డైలాగుకీ డైలాగుకీ మధ్య ఆమె వేసే జోకులు, మమ్మల్ని తిట్టిన తిట్లు, టీ తెమ్మన్న కేకలు, అవన్నీ ఏ రోజుకారోజు కత్తిరించి చెరిపేయడమే మా పని, ఎందుకంటే హార్డ్ డిస్కులు అప్పుడు చిన్నవి, ఖరీదైనవి. ఇంట్లో పెళ్లి వీడియోలు ఉన్నాయి గానీ, మనకు తెలుసుగా, వాటిలో మనుషుల మాటలు తీసేసి సినిమా పాటలు నింపేవారు. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ పిల్లాడి గొంతును పిన్ని గొంతు దాకా దించడం.

పారడైజ్ దగ్గరి కంప్యూటర్ కొట్లన్నీ తిరిగి, దొరికిన సాఫ్ట్‌వేర్ డిస్కులన్నీ తెచ్చి వేసి చూశాను. ఒకదానిలో స్వరం దించితే మాట కూడా సాగిపోయి, నిద్రమత్తులో గొణిగినట్టుండేది. ఇంకోదానిలో వేగం సరిగ్గానే ఉండేది గానీ బావిలోంచి ఎవడో మగవాడు పిలిచినట్టుండేది. నాతో పనిచేసే కుర్రాడు, ఆ బజారులోనే పుట్టి పెరిగినవాడు, వెనక నిలబడి విని అసలు సంగతి పట్టుకున్నాడు. “నువ్వు స్వరం దించుతుంటే గొంతు సైజు సుత పెరుగుతున్నదన్నా, గందుకే మొగ గొంతయితున్నది. రెండూ అలగ్ అలగ్ మార్చేది కావాలె, జెర దేవులాడుదాం.” వంద బటన్లున్నవన్నీ పక్కనపెట్టి, ఆ రెండింటినీ విడదీసేదాన్ని చివరికి సంపాదించాం. అది దొరికిన రోజు, సిగ్గు విడిచి చెబుతున్నాను, పిన్నికి మాట తిరిగొచ్చినంత సంబరపడ్డాను.

ఒక మధ్యాహ్నం పిన్నినీ బాబాయినీ, నాకు చెల్లెలయ్యే వాళ్లమ్మాయినీ స్టూడియోకు పిలిచాను. పిల్లాడి డైలాగుల్లోంచి బాబాయే ఒకటి ఎంచుకున్నాడు: ‘నేనొచ్చేశాను, తలుపు తీయండి.’ నేను కొంచెం కొంచెంగా మారుస్తూ వినిపించాను. బాబాయి ఇంకా మెత్తగా ఉండాలన్నాడు. అమ్మ గొంతు అంత మెత్తగా ఎప్పుడుండేది నాన్నా, గరుగ్గా ఉండేది కదా అంది చెల్లెలు. నాకు గుర్తున్న బరువు వాళ్లిద్దరికీ గుర్తే లేదు. మనిషి పక్కనే కూర్చుని ఉండగా ఆమె గొంతు ఎలా ఉండేదో ముగ్గురం వాదించుకున్నాం. పోనీ ఆమెనే అడుగుదామంటే, ఎవరి గొంతు వాళ్లకు లోపలినుంచి వినిపించే తీరు వేరు. బయటివాళ్లు వినే పిన్ని గొంతును పిన్ని ఎన్నడూ సరిగ్గా విని ఉండదు. అయినా నేను మార్చినప్పుడల్లా ఆమె వంకే చూసేవాళ్లం, ఆమె కాదన్నట్టు తల ఊపేది.

ఎన్నోసారో మరి, బాబాయి ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. మళ్లీ వెయ్యమన్నాడు. విని, కళ్లు తుడుచుకోకుండానే పిన్ని వైపు తిరిగి అడిగాడు. “ఇదే కదే? ఇలగే కదే పిలిచేదానివి?” పిన్ని స్పీకర్ వైపు చూడలేదు, ఆయన ముఖం వైపే చాలాసేపు చూసి, అవునన్నట్టు తల ఊపింది. తండ్రీ కూతుళ్లు ఆటో మాట్లాడడానికి మెట్లు దిగాక, ఆమె నా మణికట్టు పట్టుకుంది. కాదని తల అడ్డంగా ఊపి, చెప్పవద్దని చేత్తో సైగ చేసింది.

ఆ ఏడాది దాటకుండానే పిన్ని పోయింది. ఆ మాటను నేను సీడీలోకి ఎక్కించి ఇస్తే, బాబాయి దాన్ని బతికినన్నాళ్లూ వింటూనే ఉన్నాడు. గరుకు గొంతని వాదించిన చెల్లెలు కూడా కొన్నాళ్లకు అమ్మ గొంతు అంటే ఇదేనని తన పిల్లలకు వినిపించింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పినా ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

ఈ రోజుల్లో అన్నం తిన్నావా అని అడిగింది కూడా ఫోన్లో పదిలంగా ఉంటోంది. మనం మాత్రం గొంతులను చెవుల్లోనే దాచుకున్న మనుషులం, ఆ చెవులను అంతగా నమ్మిన మనుషులం. ఇప్పటికీ ఒక్కోసారి కళ్లు మూసుకుని పిన్నిని మోండా మార్కెట్లో నిలబెడతాను. చెయ్యి ఊపడం, కొంగు బిగించడం, బుట్టలో కాయ విసిరేయడం అన్నీ కనిపిస్తాయి; నోరు తెరిస్తే మాత్రం నేను తయారుచేసిన గొంతే వస్తుంది. అది ఆమెది కాదని నాకు తెలుసు. ఆమె చెప్పింది కాబట్టి తెలుసు; నా చెవులను అడిగితే మాత్రం అదేనంటాయి.