నేను కోసిన తాడు

నాకు కుక్కలంటే భయం. పుట్టుకతో వచ్చిన భయం కాదది. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, నాకు ఏడేళ్ళప్పుడు, మా మామయ్య దగ్గర సేద్యం చేసే ఒకాయనను పిచ్చికుక్క కరిచింది. నెలన్నర తర్వాత ఆయనను గొడ్లసావిట్లో మంచానికి కట్టేశారు. పిల్లల్ని అటు పోనివ్వలేదు గానీ, ఎవరైనా చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళినప్పుడల్లా ఆయన పెట్టే కేకలు మా వసారాలోకి వినిపించేవి. మూడో రోజుకు ఆగిపోయాయి. ఆగాక ఇంకా భయమేసింది.

అలాంటిదాన్ని ఇరవై ఒకటో ఏట కుక్కలకు సంగటి వండే పనిలో పడ్డాను. పెళ్ళయి కావలికి కాపురానికి వచ్చిన కొత్త. మా ఆయన హైస్కూల్లో టీచరు. పక్కింట్లో ఒక నర్సమ్మ గారు ఉండేవారు. ముప్పై ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో కాన్పులు చేసి రిటైరయిన క్రైస్తవురాలు, ఒంటరి మనిషి. ఆ రోజుల్లో వీధికుక్కలు ఎక్కువైతే ఏ ఊళ్ళోనైనా కర్రలతో కొట్టి చంపేవాళ్ళు, లేదా విషపు ఉండలు వేసేవాళ్ళు. ఆవిడ ఆ మనుషులకు అడ్డంపడి, బతిమాలో తిట్టో, చేతికందిన కుక్కను తన దొడ్లోకి తెచ్చుకునేవారు. పుండ్లు కడిగి, మందు పూసి, కోలుకున్నాక అడిగినవాళ్ళకు ఇచ్చేవారు. ఇచ్చేముందు వాళ్ళింటికి వెళ్ళి వాకిలీ నీడా చూసి వచ్చేవారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇంత విచారణ ఉండదని వీధిలో నవ్వుకునేవాళ్ళు.

నాకు నెల తప్పినప్పటి నుంచి ఆవిడే చూస్తుండేవారు. ఊరికే చూపించుకోవడం మొహమాటమనిపించి, కుక్కల సంగటి నేను వండి గోడ మీదుగా అందించేదాన్ని. గోడ దాటి మాత్రం వెళ్ళేదాన్ని కాదు. అయిదో నెలలో ఆవిడే ఒక గోధుమరంగు ఆడకుక్కను తాడు పట్టుకుని మా గుమ్మంలోకి తెచ్చారు. దాని ఎడమ చెవి సగం తెగి ఉంది.

"పగలంతా ఒక్కదానివే ఉంటావు. దీన్ని పెట్టుకోమ్మా. ఇంత సాధువును నేను చూడలా."

"నాకు భయమండీ."

"దానికి నీకంటే ఎక్కువ భయం. ఇద్దరూ సర్దుకోండి."

సర్దుకున్నాం. అది గడప దాటి లోపలికి వచ్చేది కాదు. నేను రెండు వేళ్ళతో దాని నుదురు నిమిరేంతవరకు వచ్చాను. వారానికి రెండుసార్లు సముద్రపొడ్డునున్న తుమ్మలపెంట నుంచి తట్టనెత్తుకుని ఒక పల్లెకారు ఆవిడ చేపలమ్మడానికి మా వీధికి వచ్చేది. మేం కొన్నా కొనకపోయినా దానికో చేపతల విసిరేది. అది ఆమె వెంట వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేది.

రెండు నెలలు అలా గడిచాయి. నర్సమ్మ గారు చెల్లెలిని చూడటానికి నాలుగు రోజులు నెల్లూరు వెళ్ళారు. మర్నాడే కుక్క తిండి మానేసింది. నోరు మూయడం లేదు. చొంగ తీగలా కారుతోంది. మా ఆయన అనుమానపడి పెరట్లో గుంజకు కట్టేశారు. మధ్యాహ్నం అది నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళి, మూతి పెట్టి, మూలిగి, వెనక్కి వచ్చేసింది. అది నేను చూశాను. చూసి కూడా, ఆకలితో ఉందేమోనని గంజి పళ్ళెం దాని మూతి దగ్గరికి జరపబోయాను. పళ్ళెం అంచు దాని దవడకు తగిలింది. కసిక్కున నా చేతిని కరిచింది. అరచేతి అంచున రెండు గాట్లు పడ్డాయి.

సబ్బుతో చెయ్యి ఎంతసేపు కడుక్కున్నానో గుర్తులేదు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ, ఈ చప్పుడుకే నేనూ కేకలు పెట్టే రోజు వస్తుందా అనుకోవడం మాత్రం గుర్తుంది.

మర్నాడు పొద్దున ఇరుగుపొరుగు మగవాళ్ళు మా వాకిట్లో చేరారు.

"చొంగ కారుస్తుండాది, నీళ్ళు ముట్టడంలా. ఇంకేం చూడాల సార్? మధ్యాన్నం కొట్టేద్దాం," అన్నాడు ఎదురింటాయన.

నేను మా ఆయన్ని లోపలికి పిలిచాను. "కరిచిన కుక్కను చంపకూడదంట. కట్టేసి పది రోజులు చూడాలంట. అది బతికుంటే మనకు భయం లేదని నర్సమ్మ గారు అప్పుడెప్పుడో చెప్పినారు."

"పది రోజులు దాని మొహం చూస్తా కూర్చుంటే నీ గతేంది? కడుపులో బిడ్డ గతేంది?" ఆయన గట్టిగా అరిచారు. కోపమనుకున్నాను అప్పుడు. బడికి సెలవు చెప్పి మధ్యాహ్నానికల్లా వస్తానని వెళ్ళిపోయారు.

పదకొండు గంటలప్పుడు కర్రలు తెచ్చి అరుగుకు ఆనించిన చప్పుడు వినిపించింది. కుక్క పెరట్లో తలవాల్చి పడుకునుంది. దాని దగ్గరికి పోయే ధైర్యం లేదు. కొడవలి తీసుకుని పెరటి కంచె అవతలికి వెళ్ళి, కంచెకు ఆనుకునున్న గుంజకు చుట్టిన తాడును వెనక నుంచి కోశాను. మూడుసార్లు కోయాల్సి వచ్చింది. కుక్క లేచి నావైపు ఒకసారి చూసింది. కాళ్ళు పారిపోమంటున్నా నేను కదల్లేకపోయాను. అది తాడు ఈడ్చుకుంటూ కంచె సందులోంచి తూర్పుగా వెళ్ళిపోయింది.

తాడు కొరుక్కుని పోయిందని మా ఆయనకు అబద్ధం చెప్పాను. నిజం నర్సమ్మ గారు తిరిగొచ్చాక ఆవిడకే చెప్పాను. మెచ్చుకుంటారేమోనని ఎక్కడో ఆశ ఉండేది. ఆవిడ మొహం పాలిపోయింది.

"చంపనీకపోవడం సరే. ఊరి మీదికి వదిలితే ఎట్టమ్మా? నిజంగా పిచ్చిదైతే ఎంతమందిని కరుస్తుందో ఆలోచించినావా? అది కనపడకపోతే నీకు పద్నాలుగు ఇంజెక్షన్లూ తప్పవు."

మర్నాటి నుంచి ఆవిడే నన్ను ఆసుపత్రికి నడిపించుకుని పోయారు. ఏడో నెల కడుపు మీద రోజుకొక సూది. బిడ్డకేమవుతుందని డాక్టరు గారిని అడిగితే, "ముందు నువ్వు బతకాల గదమ్మా," అన్నారు. సూది దిగేటప్పుడు బిడ్డ కదిలితే ఊపిరి బిగబట్టేదాన్ని. రోజంతా కదలకపోతే ఇంకా హడలిపోయేదాన్ని. తెల్లారి లేవగానే గ్లాసులో నీళ్ళు పోసుకుని నిలబడి, తాగగలనా లేదా అని చూసుకునేదాన్ని. దానికంటే పెద్ద దిగులు వేరే ఉండేది. పాలు పోసే ఆవిడను రోజూ అడిగేదాన్ని, "ఊళ్ళో ఎవుర్నన్నా కుక్క కరిచిందా?" అని. "ఏందమ్మా, ఎప్పుడూ అదే అడుగుతావు?" అనేది. రోడ్డు మీద ఏ పసివాడు ఏడ్చినా నేను కోసిన తాడే కళ్ళ ముందు కనిపించేది.

కుక్క కరిచిన తొమ్మిదో రోజున వీధిలో చేపలావిడ కేక వినిపించింది. గాలివాన పట్టి వేట లేక అన్నాళ్ళూ రాలేదామె. తట్ట దించుతూనే అంది, "అమ్మా, మీ కుక్క మా యింటికాడ ఉండాది. మెడలో తాడుతోనే వచ్చినాది."

"ఎవర్నన్నా కరిచిందా?" నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

"నన్నే కరవబొయ్యింది, ముల్లు తీసేటప్పుడు. పన్ను దిగలేదులే."

"ముల్లేంది?"

"చేపముల్లు తల్లీ! పైదవడకి అడ్డంగా ఇరుక్కునుండింది. నోరు మూసుకోలేక, మింగలేక సచ్చిపోతుండింది పాపం. చూడంగానే తెలిసిపొయ్యింది. నోట్లో కట్టె అడ్డం పెట్టి మా ఆయనా నేనూ పీకేసినాం."

నేను అరుగు మీద కూలబడిపోయాను. నర్సమ్మ గారు గోడ అవతల నుంచి అంతా విన్నారు. "నేను ఊళ్ళో ఉండుంటే నోరు తెరిచి చూసేదాన్ని," అన్నారు. ఆ తర్వాత, "ఏమో, నేనైనా చూసేదాన్నో లేదో," అన్నారు.

పది రోజులూ నిండాక ఒంటెద్దు బండిలో ఇద్దరం తుమ్మలపెంట వెళ్ళాం. సరుగుడు తోపు దాటగానే సముద్రం హోరు. గుడిసె ముందు ఇసుకలో కుక్క పడుకునుంది. నర్సమ్మ గారు టెంకాయ చిప్పలో నీళ్ళు పోసి దాని ముందు పెట్టారు. అది గబగబా తాగేసింది. చిప్ప అడుగుదాకా నాకింది. ఆవిడ మళ్ళీ పోశారు. మళ్ళీ తాగింది. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

అది లేచొచ్చి నా చెయ్యి వాసన చూడబోయింది. నేను చెయ్యి చటుక్కున కొంగులోకి లాక్కున్నాను. అందరూ చూశారు.

"తీసుకపోతారా?" అని అడిగింది చేపలావిడ.

నేను తల అడ్డంగా ఊపాను. నర్సమ్మ గారు లేచి గుడిసె వెనక నీడా, నీళ్ళ కుండా చూసి వచ్చి, "దీనికి ముళ్ళున్న తలకాయలు వెయ్యొద్దు," అని మాత్రం చేపలావిడతో చెప్పారు.

ఇంక ఇంజెక్షన్లు అక్కర్లేదన్నారు డాక్టరు గారు. అయినా నేను పద్నాలుగూ వేయించుకున్నాను. కళ్ళారా చూసినదాన్ని కూడా నా భయం నమ్మనివ్వలేదు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ గారే పురుడు పోశారు. బొడ్డు కోసి, బిడ్డను తిప్పి తిప్పి చూసి, "ఏ లోపం లేదు, చూసుకో," అని నా పక్కన పడుకోబెట్టారు. కాన్పయిన నలభై రోజులకు మళ్ళీ సంగటి వండడం మొదలుపెట్టాను. ఈసారి గోడ మీదుగా అందించకుండా, గిన్నె పట్టుకుని ఆవిడ దొడ్లోకే వెళ్ళేదాన్ని. కుక్కలు దగ్గరికి రాకముందే గిన్నె దించి వెనక్కి జరిగేదాన్ని. తాడు కుక్క కొరకలేదనీ, నేనే కోశాననీ మా ఆయనకు చెప్పడానికి మాత్రం ఇంకో పదేళ్ళు పట్టింది.