గోడమీది ఫోటోలో అమ్మ చెయ్యి

గన్‌ఫౌండ్రీ గల్లీలోని ఒక పాత దేవిడీలో, అంటే దొరల పెద్ద బంగళాలో, ఏటా వానాకాలం, చలికాలం ప్రదర్శనలు పెడతారు. పాత చిత్రాలు, కత్తులు, జరీ బట్టలు, ఆ కాలపు ఫోటోలు. బళ్లో చరిత్ర చెప్పే నేను సెలవురోజుల్లో వెళ్లి, వచ్చినవాళ్లకు అన్నీ తిప్పి చూపించేదాన్ని. డబ్బు కోసం కాదు. మా తాతయ్య ఆ ఇంట్లో గుమాస్తా. అమ్మ పుట్టింది దేవిడీ వెనక గదుల్లోనే. ఆ ఇంటి దొరబిడ్డా అమ్మా ఒకే ఈడువాళ్లు, జామకాయలు కాకెంగిలి చేసుకుని తిన్నవాళ్లు.

పోయిన చలికాలం ఆ ఇంటి పిల్లల బాల్యం మీద ప్రదర్శన అనుకున్నారు. ఇప్పుడు దేవిడీకి యజమానురాలైన ఆ దొరబిడ్డ, స్వయంగా నాంపల్లిలో మా ఇంటికి వచ్చింది.

"హౌజు కాడ మనిద్దరం దిగిన ఫోటో నీ దగ్గరున్నది గదనే? మా ఇంట్ల ఒక్కటి మిగల్లే."

అమ్మ పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చింది. "జర పైలం. నాకున్నది గిదొక్కటే."

పరీక్షల పనిలో పడి నేను ముందుగా వెళ్లి చూడలేదు. ప్రారంభం రోజు అమ్మ పట్టుచీర కట్టుకుంది. ఆటోలో దారి పొడుగునా ఆ ఫోటో దిగిననాటి ముచ్చట్లే.

హాల్లో ఎదురుగోడ మీద మనిషెత్తు ఫోటో. నీళ్ల హౌజు ఉంది, పావురాలున్నాయి, దొరబిడ్డ నవ్వుతోంది. అమ్మ లేదు. దొరబిడ్డ భుజం మీద గాజుల చెయ్యి ఒకటి మాత్రం మిగిలింది.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అచ్చు వేసినవాళ్ల పొరపాటేమోనని నేను అంటుండగానే దొరబిడ్డ మా దగ్గరికి వచ్చింది.

"గిండ్ల నేనేడున్ననే?" అని అడిగింది అమ్మ.

"ఇది మా ఖాందాన్ ముచ్చట గదా. నిన్ను పెడితే ఎవరని అడుగుతరు. ఏమని చెప్పాలె?"

"దోస్తునని చెప్తే ఏమైతుండె?"

ఆమెను ఎవరో పిలిస్తే, "చాయ్ తాగి పోండ్రి" అంటూ అటు వెళ్లిపోయింది.

మేం తాగలేదు. ఇన్నేళ్లూ గొంతు పోయేలా ఆ ఇంటి గొప్పలు చెప్పింది నేనే. చెప్పినప్పుడల్లా అందులో మా పాలు కూడా ఉందనుకున్నాను.

మర్నాడు అసలు ఫోటో కోసం వెళ్తే ఆమె బయటికి రాలేదు, పనివాళ్లతో పంపించింది.

వానాకాలం ప్రదర్శనకు రమ్మని ఆమె నాకు ఫోన్ చేసింది, ఏమీ జరగనట్టే. రానన్నాను. ఎందుకని కూడా అడగలేదు. ఫోన్ పెట్టేశాక అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"మోకాళ్ల నొప్పులు తగ్గినయంటనా ఆమెకు?"

"నేనడగలేదు."

"అడగాలె గద బిడ్డా," అంది అమ్మ.