ఫరీద్ ఎడమ చెయ్యి, జమున బేస్ గిటారు

జమున గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ల్యాంపు రూంలో పనిచేస్తుంది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన బదులు ఆమెకు ఉద్యోగం వచ్చింది. షిఫ్టు మొదలయ్యే ముందు కిటికీ దగ్గర నిలబడి, బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ లైట్లు నంబరు ప్రకారం అందించడం ఆమె డ్యూటీ. ఒకప్పుడు ఆమె నంబరు పిలిస్తే లైను చివర ముచ్చట్లు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి వచ్చేవారు. అది పాట పాడే గొంతు. ఫరీద్ ఆర్కెస్ట్రాలో పెళ్ళయినా, రిటైర్మెంట్ ఫంక్షనయినా ముందు పాట జమునదే.

తరువాత మెడలో థైరాయిడ్ గడ్డ లేచింది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆమె బతికి బయటపడింది. కానీ గొంతు బొంగురుపోయింది. పైస్వరానికి ఎక్కబోతే గాలి వచ్చేది, స్వరం వచ్చేది కాదు. కొందరికి ఇట్లా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఏడాది చూసింది. కషాయాలు తాగింది, మౌనంగా ఉండి చూసింది. ఏమీ మారలేదు. ఆమె పాటలన్నీ మమత అనే కాలేజీ పిల్ల పాడడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర ఇప్పుడు కార్మికులే ముందుకు వంగి, "ఏం నంబరన్నవ్ అక్కా?" అని అడిగేవారు.

ఫరీద్‌ది మోటారు వైండింగ్ దుకాణం. ఆర్కెస్ట్రా పెట్టిందీ, కీబోర్డు వాయించేదీ ఆయనే. ఆ దుకాణంలో అటక మీద, పాటకు అడుగున లావు స్వరాలు పలికే ఒక బేస్ గిటారు, దాని చిన్న ఆంప్లిఫయరు దుమ్ము పట్టి ఉండేవి. వాయించే మనిషి ఎప్పుడో భూపాలపల్లికి బదిలీ అయిపోయాడు. ఒకరోజు జమున పలకరించడానికి వస్తే ఫరీద్ గిటారు దించి తుడిచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"పాట మొత్తం నీ దిమాక్‌లనే ఉన్నది చెల్లె. గొంతుతోని కాకుంటే వేళ్ళతోని పాడు. ఇంట్ల కూసోని ఏం చేస్తవ్?"

ఆ నాలుగు లావు తీగలు మొదట్లో వేళ్ళు కోసేశాయి. బొబ్బలు వచ్చాయి, పగిలాయి, గట్టిపడ్డాయి. పాటలన్నీ తెలుసు కాబట్టి ఎక్కడ ఏ స్వరం మీద నిలబడాలో చెవికి ముందే తెలిసేది. నెలలు గడిచేసరికి చేతికి కూడా తెలిసింది. ఆర్కెస్ట్రాలో మళ్ళీ ఒక కుర్చీ దొరికింది.

దొరికింది గానీ ఎవరికీ వినబడేది కాదు. డ్రమ్సు మొదలైతే చాలు, ఆంప్లిఫయరు ఉన్నదో లేదో తెలిసేది కాదు. ఫరీద్ సంతోషంగా రంగంలోకి దిగాడు. ఎక్కడో పాత స్పీకరు బాక్సు వెతికి తెచ్చి, మీటరు పెట్టి కొలిచాడు.

"లోపలి స్పీకరు ఎనిమిది ఓములు. ఇది గూడ ఎనిమిదే. రెండు పక్కపక్కన కలిపితే అడ్డు సగానికి తగ్గి నాలుగైతది, సౌండు పెరుగుతది. నాలుగు దాంక ఈ ఆంపు ఓర్చుకుంటది, ఎనక రాసే ఉన్నది. ఇంక తగ్గిస్తే కాలిపోతది."

రెండో బాక్సు కలిపాక శబ్దం నిజంగానే పెరిగింది. దుకాణంలో వాయిస్తే రేకులు అదిరాయి. అందరూ సంబరపడ్డారు.

ఆ నెలాఖరున సెంటినరీ కాలనీలో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్. షామియానా కింద రిటైరవుతున్న పెద్దమనిషి, ఆయన భార్య మెడ నిండా దండలతో కూర్చున్నారు. పక్కన వంటలు జరుగుతున్నాయి. మొదటి పాటలోనే జమున గిటారు డ్రమ్సు కింద మునిగిపోయింది. ఆమె వాల్యూము పెంచింది, వినబడలేదు. కింది స్వరాలు పెంచే బేస్ నాబు చివరిదాకా తిప్పింది. స్పీకర్లు గరగరమన్నాయి. దండల మధ్యనుంచి పెద్దామె చెవులు మూసుకుని, "ఏందమ్మ, డబ్బా పగిలిందా?" అని అడిగింది.

జమున తల దించుకుని గిటారు మీది వాల్యూమును సున్నాకు తిప్పేసింది. కాసేపాగి పెంచుదామనుకుంది. పెంచలేదు. పాట తరువాత పాట, వేళ్ళు తీగల మీద ఆడుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మమత చూడలేదు, డ్రమ్సు అతను చూడలేదు. ఫరీద్ తన్మయంగా తల ఊపుతూ వాయించుకుంటున్నాడు. అన్నాలు పెట్టేటప్పుడు వచ్చి, "ఇయ్యాల మంచిగ కుదిరింది చెల్లె" అన్నాడు.

ఆమె భర్త వీరేందర్ ఓపెన్‌కాస్టులో డంపరు నడుపుతాడు. బండి మీద ఇంటికి వస్తుంటే జమున వెనకనుంచి మెల్లగా చెప్పింది.

"నేను వాయించకున్నా ఎవరికీ తెల్వలే."

"ఫరీదన్నకు సుత తెల్వలేదా?"

"తెల్వలే."

మరునాడు ఇద్దరికీ డ్యూటీ లేదు. వీరేందర్ క్వార్టరు ముందు గదిలో ఆంప్లిఫయరు పెట్టించి, రాత్రి మొదటి పాట వాయించినట్టే వాయించమన్నాడు. స్పీకరు మీది జాలీ విప్పి, ముందు చతికిలబడి చూశాడు. జమున లావు తీగ మీటినప్పుడల్లా లోపలి నల్లని కాగితం గిన్నె బయటికి ఎగిరి లోపలికి పడుతున్నది.

"ఓవర్ లోడుతోని గడ్డ ఎక్కిస్తున్నవ్ జమునా. బండి మూలుగుడు తప్ప పికప్ ఏడికెళ్ళి వస్తది? జర లోడు తగ్గించు."

ఆమె బేస్ నాబు సగానికి తిప్పింది. గిన్నె ఎగరడం తగ్గింది. వాల్యూము ఇంకా పెంచినా గరగర రాలేదు. మధ్య స్వరాల నాబు కొంచెం పెంచితే ఒక్కొక్క స్వరం విడివిడిగా, గట్టిగా పలికింది. కానీ ఒంటరిగా వింటే ఏదో పలచగా, ఎండిపోయినట్టుగా అనిపించింది.

"ఇది బేస్ లెక్కనే లేదు" అంది.

"నలుగురిల వాయించి చూడు. గీడ ఒక్కదానివే ఉన్నవ్."

నలుగురిలో అనేసరికి ఆమెకు అసలు సంగతి తట్టింది. పాటలో ఆ కింది స్వరాల చోటు ఖాళీగా ఎప్పుడుంది? బేస్ మనిషి వెళ్ళిపోయిన నాటినుంచి కీబోర్డు కింది మెట్ల మీద ఫరీద్ ఎడమ చెయ్యే ఆ పని చేస్తున్నది. ఆమె ఎంత పెంచినా ఆయన చేతి కిందనే పడుతున్నది. నాబు తిప్పడం సులువు. ఈ మాట ఆయనతో అనడమే కష్టం. గిటారు ఇచ్చిందే ఆయన.

రెండు రోజులు మనసులో మాటలు పేర్చుకుని, గిటారు, ఆంప్లిఫయరు తీసుకుని దుకాణానికి వెళ్ళింది. ఫరీద్ రాగి తీగ చుడుతున్నాడు. చాయ్ తెప్పించాడు.

"అన్నా, మొన్న ఫంక్షన్ల నేను వాయించలే. రెండో పాట సంది సున్నా పెట్టుకొని కూసున్న."

ఫరీద్ చెయ్యి ఆగింది. "నాకు ఇనవడ్డది గదా."

"నువ్విన్నది నీ ఎడమ చెయ్యన్నా."

ఆయన చాయ్ గ్లాసు పక్కకు పెట్టాడు. "అంటే చెయ్యి కట్టేసుకొని కూసోవాల్నా?" అన్నాడు. "ఎవ్వలు లేనప్పుడు ఆర్కెస్ట్రా నిలవడ్డది ఈ చెయ్యితోనే చెల్లె. జనం మెచ్చుకున్నది దీన్నే."

"ఎరికన్నా. ఆ చెయ్యి నమ్ముకొని ముందల నిలవడి పాడింది నేనే గదా. ఒక్క పాట ఇప్పుడు వాయించి చూద్దాం. మంచిగ లేకుంటే గిటారు అటక మీద పెట్టు."

ఆయన చేతులు తుడుచుకుని కీబోర్డు ముందు కూర్చున్నాడు. పాట మొదలైన కాసేపటికే ఎడమ చెయ్యి తనంతట తాను కింది మెట్ల మీదికి జరిగింది. ఫరీద్ చూసుకుని దాన్ని తొడ కింద పెట్టుకున్నాడు. కుడి చేత్తో వాయిస్తూ విన్నాడు. ఇంట్లో పలచగా అనిపించిన ఆ స్వరాలు కీబోర్డు కింద నిండుగా నిలబడ్డాయి. పాట అయిపోయింది. ఆయన లేచి వెళ్ళి, ఆంప్లిఫయరును నేల మీదనుంచి ఎత్తి ప్లాస్టిక్ కుర్చీ మీద, ఆమె చెవి వైపు తిప్పి పెట్టాడు.

"ఎన్నడన్న మర్చిపోత. అలవాటు. నాదిక్కు చూడు, యాదికొస్తది" అన్నాడు.

తరువాతి ఫంక్షన్‌లో మర్చిపోయాడు కూడా. జమున చూసేది, ఆయన నవ్వి చెయ్యి పైమెట్ల మీదికి జరిపేవాడు. అక్కడ కొత్తగా సన్నని వయొలిన్ల శబ్దం పెట్టుకున్నాడు. పాటల మధ్య మమత మంచినీళ్ళు తాగడానికి వచ్చి, "అక్కా, ఇయ్యాల శ్రుతి కోసం దేవులాడుకునుడే లేదు. కాలు పెట్టనీకి జాగ దొరికినట్టున్నది" అంది. వంటల దగ్గర నిలబడ్డ వీరేందర్‌కు అంత దూరం నుంచి భార్య వాయిస్తున్నది స్పష్టంగా వినబడింది. పక్కనున్నవాళ్ళకు చెప్పాలనిపించింది గానీ, ఊరికే వింటూ నిలబడ్డాడు.

జమునకు ధైర్యం వచ్చింది. మరుసటి పాటలో వాల్యూము ఇంకొంచెం పెంచింది. సగం పాటలో ఫరీద్ కుర్చీలోంచి ఆమె వైపు వంగాడు.

"జరంత తగ్గియ్ చెల్లె. పిల్ల గొంతు ఇనవడ్తలేదు."

జమున నాబు మీద వేలు పెట్టి, పాట తప్పకుండా, కొంచెం తగ్గించింది.