పక్క క్వార్టరుకి మారిన అయొడిన్

పాన్స్‌కుడా దాటాక హౌరా లోకల్లో ఒక టికెట్ కలెక్టరు టికెట్లు చూడకుండానే పారిపోతూ కనిపించాడు. ఈ పెట్టెలో మా సొలొమోను ఉన్నాడని అప్పుడే గ్రహించాను. ఎదుటివాడికి బీటా క్షయం బోధపడేదాకా వదలకపోవడం ఆయనకి ఈ మధ్య పట్టుకున్న జబ్బు.

ఖరగ్‌పూర్ రైల్వే పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు. పిల్లలకి చెబితే సరే, ఊళ్ళోని ఇందా బజార్లో గడ్డం గీసేవాడికీ చెప్పేవాడు. వాడి కత్తి గాల్లో ఆగిపోయేది, ఈయన సగం గడ్డంతో ఇంటికొచ్చేవాడు. పూరీ గుడి పండాల నుంచి తప్పించుకున్నాను గాని, సొలొమోనుకి చిక్కి బయటపడ్డది లేదు.

"రా బావా! షెడ్డులో ఒక ఖలాసీ ప్రమోషనొచ్చి ఫిట్టరైనాడనుకో. ఒళ్ళు బరువెక్కిందా?" అని నన్ను చూడగానే అందుకున్నాడు.

"లేదు."

"కొలువు పేరు?"

"మారింది."

"క్వార్టరు?"

"పక్కదానికి మారాడు."

"అదీ! అయొడిన్ లోపల ఒక న్యూట్రాను ప్రోటానైపోతాది. ఆ సంబరంలో వాకిట్లోకి మిఠాయి విసురుతాది. విసిరిన ఎలక్ట్రానే బీటా. అయొడిన్ కాస్తా పట్టికలో పక్కింటి జెనాన్ వాయువైపోతాది. బరువు ఇంచుమించు అదే!"

ఉలుబేరియా స్టేషన్లో సొలొమోను టీకి దిగాడు. ఆయన పక్క క్వార్టరు దాలమ్మ, కిటికీ దగ్గర కూర్చున్నది, గొంతు మీది థైరాయిడ్ గడ్డ తడుముకుంది.

"ఇదంతా నాకోసమే బాబూ. గుండె ఇంజన్లా కొట్టుకుంటంది. కలకత్తా డాట్రు రేడియో అయొడిన్ తాగమన్నాడు. అది ఒంట్లోకెల్లి ఏరేది అయిపోద్దని మాస్టారే సెప్పినారు. మరి నానూ ఏరే మడిసినైపోతేనో? ఎల్లనన్నాను. అప్పట్నించి ఏ మాటకి నా బయం తీరుద్దోనని ఊరందరి మీదా పరీచ్చ సేస్తన్నారు. ఇయ్యాల కూడా లాక్కొచ్చినారు గాని, నాను తాగను."

సొలొమోను మట్టి ముంతలతో వచ్చాడు. దాలమ్మ ముంత అందుకుని ఆగింది.

"మాస్టారూ, ఫిట్టరు పంచిన మిఠాయి తింటే మనం ఫిట్టర్లమైపోతామేటి?"

ఆయన తన ముంత బెంచీ మీద పెట్టేశాడు. "కా... కాము, అప్పా!"

"మన పక్కూరు హిజ్లీ దాకా పడుద్దా ఆ మిఠాయి?"

"వాకిలి దాటదు! గడ్డలోనే పడి గడ్డనే అణుస్తాది. దాంతో పాటొచ్చే గామా కిరణం కాస్త దాటతాది గనక, కొన్నాళ్ళు మనవరాల్ని పక్కలో పడుకోబెట్టుకోకు, అంతే."

"అయితే తాగుతాను. ఈ ముక్క ముందే సెప్పి ఉంటే నానే వచ్చేదాన్ని, ఇంత రద్దీలో ఇలా లాక్కురానక్కర్లేదు కదా!"

హౌరాలో రైలు ఆగీ ఆగకముందే, ఆవిడ మనసు మారిపోతుందేమోనని సొలొమోను మూట చంకన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని జనంలో పడ్డాడు.

"సొలొమోనూ, చెప్పులు!" అని అరిచాను. ఆయన చెప్పులు బెంచీ కింద ఉండిపోయాయి.

ఒట్టి కాళ్ళతోనే వెళ్ళిపోయాడు. వెనక్కి తిరగలేదు.