నేను మార్చేసిన ముగింపు

నా చిన్నప్పుడు మా గుండుగొలనులో సినిమాకి వెళ్ళేది ఒక్కరు, చూసేది వీధంతా. మా బాబాయి ఏలూరు వెళ్ళినప్పుడల్లా నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళేవాడు. మర్నాడు మధ్యాహ్నం వంటిళ్ళు సర్దుకుని ఆడవాళ్ళంతా చేటల్లో బియ్యం ఏరుకుంటూ మా అరుగు మీద చేరేవారు. పదేళ్ళ దాన్ని, వాళ్ళ మధ్య కూర్చుని పేర్లు పడే దగ్గర్నుంచి కథ చెప్పాలి. ఏడుపు సీనుకి ఏడ్చి, ఫైటింగుకి చేతులూపి, పాటలు సగం సగం పాడి మరీ చెప్పేదాన్ని. నా అంతటిది లేదని మిడిసిపాటు కూడానూ!

ఆ ఏడు ఒక సినిమా వచ్చింది. మొగుడు కొడుతున్నాడని పెళ్ళాం ఇల్లు వదిలి వచ్చేసి, ఒక బడిలో టీచరుగా చేరుతుంది. చివర్లో అతను వెతుక్కుంటూ వచ్చి రమ్మంటాడు. ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, రానని చెప్పి, పాఠం చెప్పుకోడానికి లోపలికి వెళ్ళిపోతుంది. అంతే, శుభం కార్డు. హాల్లో జనం కుర్చీలు చరుస్తూ గోల చేశారు. బాబాయి కూడా టిక్కెట్టు దండగ అని సణుక్కుంటూ బస్సెక్కాడు.

నాకు భయం పట్టుకుంది. ఈ ముగింపు చెబితే అరుగు మీద నా పరువేం కాను? అందుకని మర్నాడు నేనే దిద్దేశాను. మొగుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడనీ, ఆవిడ అతని కాళ్ళకి దణ్ణం పెట్టి అతని వెంటే వెళ్ళిపోయిందనీ, ఆఖర్న ఉయ్యాల్లో బాబు నవ్వాడనీ చెప్పాను. అందరూ పైటచెంగులతో కళ్ళొత్తుకున్నారు. పక్కింటి అక్క మాత్రం, "నిజంగా అతనితో వెళ్ళిపోయిందటే?" అని అడిగింది. వెళ్ళిపోయిందక్కా అన్నాను. ఆమె చేట తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అక్క అత్తారింటి నుంచి వచ్చేసి మూడు నెలలైంది. మోచేతి కింద వాత పెట్టిన మచ్చ మేం పిల్లలం కూడా చూశాం. కాపురానికి పంపాలని పెద్దలు ఎంత చెప్పినా వెళ్ళనని భీష్మించుకుని కూర్చుంది. అలాంటిది, నేను కథ చెప్పిన రెండో నాడు మా అమ్మ సంతోషంగా ఇంట్లోకొచ్చి, అక్క శుక్రవారం వెళ్ళడానికి ఒప్పుకుందని చెప్పింది. పైగా, "నీ కథ విన్నాకే మనసు మారిందటే!" అని నా బుగ్గ పుణికింది.

నాకు అన్నం సహించలేదు. పక్కింట్లో సారెకి మినపసున్నుండలు చుడుతున్నారు, నేతి వాసన మా ఇంటిదాకా వస్తోంది. పరుగెత్తుకెళ్ళి అక్క ఒళ్ళో తలపెట్టి, నేను అబద్ధం చెప్పానని ఏడ్చేశాను. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. అక్క నా మొహం తుడిచి, ఆ సినిమా ఇంకా ఆడుతోందా అని మాత్రం అడిగింది.

గురువారం, గాజులు కొనుక్కోవాలని చెప్పి, నన్ను తోడు తీసుకుని ఏలూరు బయల్దేరింది. మర్నాడు సినిమా ఎత్తేస్తారట. హాల్లో పది మంది కూడా లేరు. గోల చేసేవాళ్ళు లేకపోయేసరికి ఆ మంచినీళ్ళ సీను నాకు మొదటిసారి చూస్తున్నట్టే ఉంది. శుభం పడ్డాక కూడా అక్క లేవలేదు.

సాయంత్రం అక్కే అందరినీ అరుగు మీదికి పిలిచింది. వాళ్ళ నాన్నగారిని కూడా కూర్చోబెట్టింది. ఆయన్ని నేను పెదనాన్నగారనేదాన్ని. పొలం తప్ప సినిమా ఊసెరగని మనిషి. "నువ్వు చెప్పిన కథ, నువ్వే సరిచెయ్యమ్మా. చూసింది చూసినట్టు చెప్పు. నచ్చడం నచ్చకపోవడం మేం చూసుకుంటాం" అంది అక్క. ఈసారి చూసింది చూసినట్టే చెప్పాను. ఆవిడ రానని చెప్పి లోపలికి వెళ్ళిపోయిందనగానే ఒకావిడ, "చోద్యం! అదేం కథండీ?" అని బుగ్గలు నొక్కుకుంది.

పెదనాన్నగారు నావైపు తిరిగి, "ఆ పిల్ల తండ్రి ఏం చేశాడమ్మా?" అని అడిగారు. సినిమాలో ఆవిడకి తండ్రి లేడండీ, చిన్నప్పుడే పోయాడు అన్నాను. ఆయన కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నారు. తర్వాత అక్కకేసి చూసి, "నేనున్నాను కదమ్మా" అన్నారు. అక్క ఆయన భుజం మీద తల వాల్చి బావురుమంది. మా అరుగంతా ఏడ్చింది, ఈసారి నేను ఏడిపించకుండానే.

శుక్రవారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. సారె సున్నుండలు వీధిలో పిల్లలమే తిన్నాం. అక్క తర్వాత నర్సు ట్రైనింగు చేసి, నల్లజర్ల వైపు ఊళ్ళలో పనిచేసి రిటైరైంది.

మొన్న మా మనవరాలు ఆ సినిమాని ఫోన్లో చూసి, కాలం కంటే ముందొచ్చిన సినిమా అమ్మమ్మా అని మురిసిపోయింది. అవునో కాదో నాకు తెలియదు గానీ, మా పక్కింటి అక్కకి మాత్రం ఒక్క రోజు ముందుగా అందింది, అంతే.

ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా చెబుతుంటే, ఇది వీళ్ళకి రుచించదేమో, కాస్త మార్చి చెబుదామా అని నాలుక దురద పెడుతుంది. వింటున్నవాళ్ళలో ఎవరికి రేపు ప్రయాణమో నాకేం తెలుసు అనుకుంటాను. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.