శ్రీ రాసిన వరుస

మాస్టారు పోయారని ఆయన సొంతూరు పద్మనాభం నుంచి ఫోన్ వస్తే వెంటనే నమ్మలేదు. చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా అని అడిగాను. అవతల ఉన్నది ఆయన తమ్ముడు, నొచ్చుకున్నాడేమో. కానీ అలా అడగడం నాకు నేర్పింది మాస్టారే.

ఆయన మద్దిలపాలెంలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేను హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో గుమాస్తాను. ముందొచ్చిన పడవకు ముందు ఐస్. ఆ వరుస కంప్యూటర్‌లో వేయడం నా పని. అందుకొక సాఫ్ట్‌వేర్ మాస్టారే పెట్టిచ్చారు. దేశదేశాలవాళ్ళు కలిసి చేసి ఊరికే ఇస్తారట. ఊరికే వచ్చేదాని మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

కొత్త వెర్షన్ వేశాక, వచ్చిన వేళను బట్టి పేర్లు పేర్చమంటే మొదటి పడవకు అంకె లేకుండా పోయింది. రెండోదానికి ఒకటో అంకె పడింది. అలా రెండుసార్లు ఒకే మరపడవ యజమానికి వంతు తప్పింది.

"ఎవుల కాడ తినేసినావు బావా?" అన్నాడు, నవ్వుతూనే. లంచం తిన్నానన్న ఆ మాట హార్బర్‌లో పాకితే నన్నెవరూ ఆ కుర్చీలో ఉండనివ్వరు. అతను నన్ను అనుమానించాడు, నేను మాస్టారిని. ఆ సంగతి ఆయన ఎదుటే అన్నాను.

"మంచిదే, నన్నూ వొదలకు. ఏటి సేసావో సెప్పు, ఏటయిందో సెప్పు. ఎందుకయిందో మాత్రం ఇప్పుడే సెప్పకు" అన్నారు.

ఒక ఆదివారం పాతవీ కొత్తవీ అన్ని వెర్షన్ల సీడీలూ సంచిలో తెచ్చారు. పడవ యజమానినీ పక్కన కూర్చోబెట్టారు. అన్నీ చూడనక్కర్లేదు, నడుమది వేసి చూద్దామన్నారు. అది బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంటుంది, లేకుంటే ముందు సగంలో. మళ్ళీ ఆ సగానికి నడుమ. వీధి పైపులో నీళ్ళు ఎక్కడ ఆగాయో వెతికినట్టే. ప్రోగ్రాం రాయడం రానక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

కానీ ఆయన వేసుకొచ్చిన జాబితాతో ఏ వెర్షనూ తప్పలేదు, కొత్తది కూడా.

"సూసినారా మాస్టారూ, డబ్బాది తప్పు కాదు" అని పడవ యజమాని నా వైపు చూశాడు. అతనే జేబులోంచి కొత్త వెర్షన్ రాకముందు నేనిచ్చిన వరుస కాగితం తీసి, తెరనీ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీ దాన్లో పైన శ్రీ ఏదీ?" అని మాస్టారిని అడిగాడు.

చిట్టా రాసినట్టే, నేను రోజూ పై వరుసలో శ్రీ పెట్టి, రెండో వరుస నుంచి అంకెలు వేసేవాణ్ణి. అదీ ఒక చెప్పాల్సిన సంగతని తోచలేదు. పాత వెర్షన్ శ్రీని శీర్షికగా వదిలేసేది. కొత్తది దాన్నీ ఒక పడవ అనుకుని అడుక్కి తోసింది. పేర్లన్నీ ఒక వరుస పైకి జరిగాయి, అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. శ్రీ పెట్టి మళ్ళీ నడుమ నుంచి వెతికితే, తప్పు మొదలైన వెర్షన్ దొరికింది. మాస్టారు ఒక్కో సీడీ మీద మార్కర్‌తో మంచి, చెడ్డ అని రాసి పెట్టారు.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకు ఫిర్యాదు నాచేతే రాయించి, ఆయన ఇంగ్లీషు చేసి పంపారు. కొన్నాళ్ళకు సరిచేశామని జవాబొచ్చింది. డబ్బు తీసుకోకుండా ఎవడైనా బాగుచేస్తాడా అని పడవ యజమాని ఇప్పటికీ నమ్మడు. నన్ను మాత్రం ఆ మాట మళ్ళీ అడగలేదు.

మొన్న నేనూ పడవ యజమానీ పద్మనాభం వెళ్ళాం. వరి మీద పిట్టలు వాలకుండా మాస్టారి తమ్ముడు ఆ సీడీలను చేలో తాడుకు కట్టాడు. పడవ యజమాని గట్టు మీద ఆగి, ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. చెప్పులు విడిచి చేలోకి దిగి, సరిగ్గా నడుమనున్నదాన్ని పట్టుకుని తిప్పాడు. ఎండకు అక్షరాలు వెలిసిపోయాయి. మంచిదో చెడ్డదో తెలియలేదు. చెయ్యి తీసేస్తే అది మళ్ళీ గాలికి తిరుగుతూ, ఒకసారి అతని ముఖం మీద, ఒకసారి నా ముఖం మీద వెలుగు వేసింది.